పెద్దక్షరాల కీర్తనల పుస్తకం: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నేను పుస్తకాలు ఎక్కువ చదివే మనిషిని కాదు, నర్సుని, గుంటూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో 14 ఏళ్ళ నుంచి చేస్తున్నా, నెలలో సగం నైట్ డ్యూటీలే. ఈ పుస్తకం గురించి మా చర్చిలో ఇద్దరు ముగ్గురు అడిగారు, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా. కొనాలా వద్దా అని చూసేవాళ్ళకి పనికొస్తుంది. ప్రచురించినవాళ్ళ పేరు మాత్రం రాయను, ఎందుకంటే కింద కొంచెం తిట్టాల్సి ఉంది.

వస్తువు ఏంటంటే, బైబిల్లో కీర్తనల గ్రంథం ఒక్కటే విడిగా, 150 కీర్తనలూ పెద్ద అక్షరాల్లో వేసి, ఎడమ పేజీలో కీర్తన, కుడి పేజీలో రాసుకోడానికి గీతలు ఇచ్చారు. నీలం అట్ట, లోపల ఎర్ర రిబ్బన్ ఒకటి. లెంట్ (ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాలు) కూటాల్లో బయట టేబుల్ వేసి అమ్ముతుంటే 350 పెట్టి కొన్నా, బేరం ఆడితే 320కి ఇచ్చేవాడేమో కానీ దేవుని పుస్తకానికి బేరం ఏంటని ఊరుకున్నా. తర్వాత బైండింగ్ చూశాక అనిపించింది, ఆడాల్సిందే.

అసలు ఎందుకు కొన్నానో చెప్పకపోతే ఈ రివ్యూ అర్థం కాదు. మన చర్చిల్లో డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక వాగ్దానాలు పంచుతారు కదా, ట్రేలో ఒక్కో బైబిల్ వచనం రాసిన చిన్న చిన్న కార్డులు, కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి, ఆ ఏడాదంతా అదే మన వాగ్దానం. నాకు 32వ కీర్తన 8వ వచనం వచ్చింది, "నీకు ఉపదేశము చేసెదను, నీవు నడవవలసిన మార్గమును నీకు బోధించెదను". అది చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది ఎందుకంటే అప్పటికే నేను సౌదీ వెళ్ళడానికి ప్రొమెట్రిక్ అని నర్సులు రాయాల్సిన పరీక్ష రాసి పాసయి ఉన్నా, సర్టిఫికెట్లు అసలువో కాదో చూసే డేటాఫ్లో అనే సంస్థకి నావి పంపా, ఇంటర్వ్యూ ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నా. ఇంకేముంది, దేవుడు వెళ్ళమన్నాడు అనుకున్నా. కార్డుని ఫోన్ కవర్ వెనకాల పెట్టుకుని వీసా స్టాంపు లెక్క అందరికీ చూపించా.

అందరికీ అంటే చర్చిలో అందరికీ. ఇంట్లో మాత్రం సగమే చెప్పా. పరీక్ష రాసిన సంగతి మా ఆయనకి తెలుసు. ఏజెంట్‌కి అడ్వాన్స్ కట్టడానికి నా గాజులు బ్యాంకులో పెట్టి 60 వేలు తెచ్చిన సంగతి తెలీదు. గాజులేవని అడిగితే డ్యూటీలో వేసుకోనివ్వట్లేదు, బీరువాలో ఉన్నాయి అనేదాన్ని. ఇది ఇక్కడెందుకు రాస్తున్నానా అని నాకే అనిపిస్తోంది కానీ పుస్తకం పనిచేసింది ఇక్కడే మరి.

కొన్న వారానికి నైట్ డ్యూటీలో మొదటిసారి తెరిచా. మా వార్డులో రాత్రి స్టేషన్ దగ్గర ఫోన్ పట్టుకోకూడదు, సూపర్‌వైజర్ చూస్తే మెమో. పుస్తకం అయితే ఏమీ అనరు. ఫోన్లో ఫ్రీగా ఉండగా 350 ఎందుకు తగలేశావు అన్నవాళ్ళకి నా మొదటి సమాధానం ఇదే. రెండోది, ఫోన్లో కీర్తన చదువుతుంటే పైనుంచి వాట్సాప్ గుడ్ మార్నింగులు దిగుతుంటాయి. మూడోది, నలభై దాటాక రాత్రి మూడింటప్పుడు మామూలు బైబిల్లో అక్షరాలు చీమలబారులా కనిపిస్తాయి. ఇందులో అక్షరం నిజంగానే పెద్దది, అరచెయ్యి దూరం కాదు మోచెయ్యి దూరంలో పెట్టినా చదవచ్చు, వార్డులో లైట్లు తగ్గించాక కూడా కనబడుతుంది. అక్షరాల విషయంలో ఫుల్ మార్కులు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది, అది ఎవరు ఆలోచించారో గానీ వాళ్ళకి వందనాలు. కీర్తనల్లో మధ్యమధ్యలో "సెలా" అని వస్తుంది కదా, మొత్తం గ్రంథంలో 71 సార్లు ఉంది, దానికి అర్థం ఇదీ అని పండితులు కూడా గట్టిగా తేల్చలేదు, పాట మధ్యలో ఆగమనే గుర్తు అని ఎక్కువమంది అంటారు. మన చర్చిల్లో చదివేవాళ్ళు దాన్ని కూడా గట్టిగా "సెలా" అని చదివేసి ముందుకెళ్ళిపోతారు, సినిమా హాల్లో ఇంటర్వెల్ అని బోర్డు చదివేసి సినిమా చూస్తూ కూర్చున్నట్టు. ఈ పుస్తకంలో సెలా వచ్చిన ప్రతి చోటా కింద నాలుగు లైన్ల ఖాళీ వదిలారు. ఏమీ రాయలేదు. తెల్లగా వదిలేశారు అంతే. కన్ను అక్కడ దానంతట అదే ఆగుతుంది.

సరే నా వాగ్దానం కదా అని ముందు 32వ కీర్తనే తీశా. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే మార్చి దాకా ఆ కీర్తన మొత్తం నేను చదవలేదు, కార్డు మీద ఉన్న ఒక్క వచనమే. మొత్తం చదివితే అది దారి చూపించడం గురించి మొదలవ్వదు. పాపం క్షమించబడ్డోడు ధన్యుడని మొదలై, వెంటనే పాపం దాచిపెట్టుకున్నోడి దగ్గరికి వచ్చేస్తుంది. నేను నోరు మూసుకుని ఉన్నంత కాలం నా యెముకలు క్షీణించినవి అంటాడు దావీదు, రాత్రీ పగలూ నీ చెయ్యి నా మీద బరువుగా ఉంది అంటాడు, "నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను" అంటాడు. అప్పుడు సెలా. నాలుగు లైన్ల తెలుపు.

సారం ఎండిపోవడం అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, మే నెలలో వడదెబ్బతో వచ్చిన పేషెంట్లకి చర్మం గిల్లి చూస్తాం, గిల్లినచోట మడత అలాగే నిలబడిపోతే లోపల నీళ్ళు లేవని లెక్క. ఆ తెల్ల జాగాలో నాకు కనబడింది బీరువా. అందులో లేని గాజులు.

పక్క బెడ్ సెలైన్ అయిపోయిందని బజర్ మోగితే లేచి వెళ్ళా, మార్చి వచ్చా, మళ్ళీ కూర్చున్నా. 5వ వచనంలో దావీదు తన పాపం ఒప్పేసుకుంటాడు, మళ్ళీ సెలా. 7లో ఇంకో సెలా. ఆ మూడు ఆగడాలు అయ్యాక గానీ నా కార్డు వచనం రాదు. దాని వెనకాలే 9వ వచనం, అది ఏ వాగ్దానం కార్డు మీదా నేను చూడలేదు, ఎవరు వేస్తారు పాపం: బుద్ధి జ్ఞానములు లేని గుఱ్ఱమువలెనైనను కంచరగాడిదవలెనైనను ఉండకుడి, వాటి నోరు కళ్ళెంతో బిగించాలి అని. జనవరి ఒకటో తారీఖున ట్రేలోంచి ఎవరికైనా "నువ్వు కంచరగాడిదలా ఉండకు" అని వస్తే ఆ ట్రే పట్టుకున్న సంఘపెద్ద పరిస్థితి ఊహించుకోండి. నాకు రాత్రి మూడున్నరకి నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఎందుకంటే నేను అడిగింది దారి కాదు, నేను ముందే పరిగెత్తుతున్న దారికి సంతకం.

ఇది పుస్తకం గొప్పతనమా కీర్తన గొప్పతనమా అంటే కీర్తనదే, కానీ మొత్తం కీర్తన ఒక్క పేజీలో కంటికెదురుగా పెట్టి, ఆగాల్సిన చోట ఆపినందుకు పుస్తకానికి కూడా మార్కులు ఇవ్వాలి. వచనం విడిగా కత్తిరించి ఇస్తే ఎంత తేడా వస్తుందో నాకు ఇన్నేళ్ళ క్రైస్తవ జీవితంలో అప్పుడే తెలిసింది. అలాగని వాగ్దానం కార్డులు తప్పని అనట్లేదు, మా అమ్మ 1998 నుంచి అన్ని కార్డులూ బిస్కెట్ డబ్బాలో దాచుకుంది, ఆమె ముందు ఆ మాట అంటే నాకు అన్నం పెట్టదు.

ఇంక కుడి పేజీ సంగతి. రాసుకోడానికి గీతలు ఇచ్చారు, బానే ఉంది. కాయితం మాత్రం పల్చన, జెల్ పెన్నుతో రాస్తే అవతలకి దిగుతుంది, 23వ కీర్తన పక్కన నేను రాసింది 24వ కీర్తన మీద నీడలా కనబడుతోంది. బాల్ పెన్ను గానీ పెన్సిల్ గానీ వాడండి. ప్రతి కుడి పేజీ కింద ఒక ప్రశ్న వేశారు, "ఈ కీర్తన ద్వారా దేవుడు మీతో ఏమి మాట్లాడాడు?" అని. 150 పేజీల్లోనూ అదే ప్రశ్న! 117వ కీర్తన రెండే వచనాలు, అక్కడా అదే, 119వ కీర్తన 176 వచనాలు, అక్కడా అదే. 88వ కీర్తన చదివి చూడండి, మొదటి నుంచి చివరి దాకా ఏడుపే, మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివర్లో కొంచెం తేరుకుంటాయి, ఇది తేరుకోదు, చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. దాని కింద కూడా దేవుడు ఏం మాట్లాడాడు అని అడిగారు. అందులో దేవుడు ఏమీ మాట్లాడడు, అదే కదా ఆ కీర్తన రాసినాయన గోల! ఆ కీర్తనని బైబిల్లో ఉంచినందుకు నాకు భలే ధైర్యం అనిపించింది నిజానికి. ఐసీయూ బయట కూర్చునే పేషెంట్ల బంధువుల మొహాలు రోజూ చూస్తాం, వాళ్ళకి "అంతా మంచికే" అని చెప్పే నోరు నాకు రాదు, వాళ్ళు కూడా ప్రార్థనలో ఈ మాటలు అనొచ్చు అని ఒక కీర్తన ఉంది. ప్రశ్న వేసినవాళ్ళు ఆ కీర్తన చదవకుండానే కాపీ పేస్ట్ కొట్టారని నా అనుమానం.

ముందుమాట 12 పేజీలు. 1805లో లండన్ మిషన్ తరఫున క్రాన్, దె గ్రాంజ్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని తర్జుమా మొదలెట్టడం దగ్గర నుంచి ఉంది, ఇష్టమున్నవాళ్ళు చదవచ్చు, నేను మూడు పేజీలకి నిద్రపోయా. కీర్తనలు 5 గ్రంథాలుగా ఉంటాయని, 41, 72, 89, 106 దగ్గర ఒక్కో గ్రంథం అయిపోతుందని చెప్పింది మాత్రం ఉపయోగపడింది. నాకు ఇన్నాళ్ళూ 150 విడి విడి పాటలు అనే తెలుసు.

భాష పాత తర్జుమాదే, మన చర్చిల్లో చదివేదే. వాడుక భాషలో వేసుంటే పిల్లలకి తేలికయ్యేది, మా పెద్దోడు టెన్త్, "విముఖుడవై అంటే ఏంటమ్మా" అని అడిగాడు, మొహం తిప్పుకోవడం రా అని చెప్పా. కానీ ఒక మాట దగ్గర ఆ పాత తెలుగుకే నేను ఓటేస్తా. "కనిపెట్టుకొని యుండుము". 27వ కీర్తన చివర్లో వస్తుంది, 130లో వస్తుంది. నాకు చిన్నప్పటి నుంచీ కనిపెట్టడం అంటే రేడియో కనిపెట్టింది ఎవరు, అదే. మా అమ్మమ్మ మాత్రం పాలు పొయ్యి మీద పెట్టి "కాస్త కనిపెట్టుకుని ఉండవే" అని దొడ్లోకి వెళ్ళేది. ఊరికే టైం గడిచేదాకా కూర్చోవడం కాదు అది, కళ్ళు దాని మీదే ఉంచి, పొంగే క్షణానికి చెయ్యి సిద్ధంగా పెట్టుకుని ఉండటం. మా మేట్రన్ కూడా సీరియస్ కేసు ఉంటే అదే మాట అంటుంది, "సిస్టర్, 9వ బెడ్‌ని కాస్త కనిపెట్టుకుని ఉండు".

130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అని ఉంటుంది. ఇది నైట్ డ్యూటీ చేసినవాళ్ళకి రాసిన వచనం, నేను ఎవరితోనైనా పందెం కాస్తా. నాలుగింటికి అందరికీ బీపీలు చూస్తాం, అప్పుడు మొదలవుద్ది అసలు బరువు, నాలుగు నుంచి ఆరు మధ్య గడియారం కదలదు, ఒళ్ళు నొప్పులు, కళ్ళు మంట, కిటికీ అద్దం నల్లగానే ఉంటుంది. కానీ తెల్లారదేమో అని ఏ నర్సూ భయపడదు. ఎప్పుడు తెల్లారుద్దా అని చూస్తాం గానీ తెల్లారుతుందా అని ఎవరూ అడగరు. ఆ వచనం పక్కన కుడి పేజీలో నేను రాసుకుంది ఒక్కటే ముక్క, "8కి హ్యాండోవర్", అంటే పొద్దున వచ్చే నర్సుకి వార్డు అప్పగించడం.

దేవుని నడిపింపు గురించి ఈ పుస్తకంలో నాకు దొరికినవన్నీ ఇలా వంకర దారిలోనే దొరికాయి. 23వ కీర్తన కంఠతా వచ్చు, సండే స్కూల్లో బహుమతిగా స్టీల్ గ్లాసు కూడా ఇచ్చారు దానికి. పెద్ద అక్షరాల్లో చూస్తే గానీ గమనించలేదు, పచ్చిక దగ్గర, నీళ్ళ దగ్గర ఉన్నంతసేపూ దేవుణ్ణి "ఆయన" అంటాడు, నడిపించుచున్నాడు అంటాడు, గాఢాంధకారపు లోయ రాగానే "నీవు" అంటాడు, నీవు నాకు తోడై యుందువు అని. 77వ కీర్తనలో అయితే సముద్రంలోంచి నీ త్రోవ ఉంది, నీ అడుగుజాడలు గుర్తింపబడక యుండెను అంటాడు, ఆ తర్వాతి వచనంలోనే మోషే అహరోనుల చేత మందలా నడిపించావు అంటాడు. జాడ కనబడలేదంట, నడిపించాడంట, రెండూ పక్కపక్కనే. నేనేమో జాడ కనబడాలి, స్టాంపు పడాలి, కార్డు రావాలి అని.

ఇప్పుడు అసలు కంప్లైంట్. మే నెలలో 105 అయ్యాక పేజీ తిప్పితే మళ్ళీ 103 వచ్చింది. ఏంటా అని చూస్తే ఒక ఫారం, అంటే కలిపి మడిచి కుట్టే పేజీల కట్ట, రెండుసార్లు కుట్టేశారు, దానికి బదులు రావాల్సిన పేజీలు లేవు, 106 మొత్తం లేదు, 107లో 32వ వచనం దాకా లేదు. 107లో 30వ వచనం ఏంటో తెలుసా, తుపాను ఆగాక "వారు కోరిన రేవునకు" ఆయన వాళ్ళని నడిపించాడు అని. సముద్రం అవతలకి పోదామని చూస్తున్న నాకు కోరిన రేవు వచనమే పుస్తకంలో లేదు! జనవరిలో అయితే దీన్ని కూడా సూచన అనుకుని ఇంటర్వ్యూ కేన్సిల్ చేసుకునేదాన్నేమో. ఇప్పుడు బైండింగ్ తప్పు అనే అనుకున్నా. అమ్మినాయన నంబర్ ఉంటే ఫోన్ చేశా, "ఆ పేజీలు ఫోన్లో చదువుకోండి సిస్టర్" అన్నాడు. వినయంగానే అన్నాడు, అదే ఇంకా మంట. గట్టిగా అడిగితే పుస్తకం తీసుకొస్తే మారుస్తా అన్నాడు. ఇంకా చెప్పాలంటే వెన్ను దగ్గర జిగురు కూడా మూడు నెలలకే వదిలేసింది, మొదటి 8 పేజీలు నేను సెలోటేప్ వేశా, హాస్పిటల్ ప్లాస్టర్ కూడా ట్రై చేశా, ప్లాస్టరే బెటర్. మీరు కొనేటప్పుడు అక్కడే నిలబడి 1 నుంచి 150 దాకా నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోండి, మొహమాటపడొద్దు.

గాజుల సంగతి ఏమైంది అంటారా. 32వ కీర్తన చదివిన నాలుగో రోజు మా ఆయనకి చెప్పేశా, ఆదివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక. రెండు రోజులు మాట్లాడలేదు మనిషి. అరిచుంటే బాగుండు అనిపించింది. మూడో రోజు స్పేర్ పార్టుల షాపుకి లీవు పెట్టి, బ్యాంకులో వడ్డీ ఎంతైందో కనుక్కుందాం పద అన్నాడు. ఏజెంట్ 60లో 25 వెనక్కిచ్చాడు, మిగతాది ప్రాసెసింగ్‌కి అయిపోయిందన్నాడు. సౌదీ వెళ్తానా లేదా ఇంకా తేలలేదు, పెద్దోడి టెన్త్ అయ్యేదాకా ఇంటర్వ్యూలకి వెళ్ళొద్దని ఇద్దరం కూర్చుని అనుకున్నాం, ఆ తర్వాత చూడాలి. 37వ కీర్తనలో నీ మార్గము యెహోవాకు అప్పగింపుము అని ఉంది కదా, అప్పగించడం అంటే నాకు హ్యాండోవరే గుర్తొస్తుంది, అన్ని బెడ్ల సంగతీ చెప్పి, ఫైళ్ళు ఇచ్చి, ఒక్కటి కూడా దాచకుండా. దాచి ఇచ్చేది హ్యాండోవర్ కాదు, తెల్లారి డాక్టర్ చేతిలో అయిపోతాం.

ఎవరికి పనికొస్తుంది అంటే కళ్ళు సరిగ్గా ఆనని పెద్దవాళ్ళకి, రాత్రిళ్ళు మేలుకుని ఉండే ఉద్యోగాలవాళ్ళకి కచ్చితంగా. బోధలు, వివరణలు కావాలి అనుకునేవాళ్ళకి వద్దు, ఇందులో అవేమీ లేవు, ఆ ఒక్క ప్రశ్న తప్ప. బ్యాగులో పెట్టుకుని తిరగడానికి కూడా కొంచెం బరువే, దాదాపు టిఫిన్ బాక్సంత. 5కి మూడున్నర ఇస్తా. బైండింగ్ బాగుచేస్తే నాలుగున్నర.

ఇంతకీ పుస్తకం మార్చుకోలేదు. జూన్‌లో తీసుకెళ్దామని కవర్లో పెడుతుంటే మధ్యలో పెన్సిల్ రాత కనబడింది, నాది కాదు. నేను డే డ్యూటీలో ఉన్న వారం అమ్మ తీసి చదువుకున్నట్టుంది. 121వ కీర్తన దగ్గర, నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును అని ఉన్న పేజీ పక్కన, గీతల మీద వంకర టింకరగా నా రోస్టర్ మొత్తం రాసి పెట్టుకుంది, ఫ్రిజ్ మీద అంటించిన కాయితం చూసి రాసిందనుకుంటా. సోమ నైట్, మంగళ నైట్, బుధ నైట్, గురు సెలవు, సాయంత్రం 7.20 బస్సు, పొద్దున 8.40కి ఇంటికి. ఒకరోజు ఎదురుగా "లేటు, 9.30" అని కూడా ఉంది, ఆ రోజు రిలీవర్ రాలేదు. లేని పేజీలు వేరే బైబిల్లోంచి జెరాక్స్ తీయించి అంటించుకున్నా, 14 రూపాయలైంది.